చిట్టాలోనే ఆగిపోయిన పాలు

ఏప్రిల్ 2 రాత్రి మెస్‌లో తినేసి హాస్టల్ మెట్లెక్కుతుంటే నాన్న ఫోన్ చేశాడు.

“ఒరే, ఆ కాలవ గట్టు అవ్వ మళ్ళీ వచ్చింది. ఒక పూట పాలు తగ్గాయంటంది. లెక్క ఒకసారి చూడు.”

రూముకెళ్ళి లాప్‌టాప్ తెరిచాను. నాన్న పంపిన డేటాబేస్ ఫైల్లో ఆమె నంబరు కొట్టి చూస్తే మార్చి 31 ఉదయం పూట ఉంది, సాయంత్రం పూట లేదు. “ఆ సాయంత్రం పోయలేదు నాన్నా, ఫైల్లో లేదు” అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. “పెద్దామె కదా, మర్చిపోయుంటుంది” అని కూడా అన్నాను.

నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. “సరేలే, కంప్యూటర్ లెక్క కదా” అని పెట్టేశాడు.

నేను రాయాలనుకున్నది ఆ రెండో మాట గురించి. మధ్యలో కాస్త ఎస్‌క్యూలైట్ వస్తుంది. సీఎస్‌ఈ కాని వాళ్ళు భయపడొద్దు, చదువుకోని మా తాతకి కూడా తెలిసిన విషయమే అది.

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నాన్న పాలకేంద్రం నడుపుతాడు. కేంద్రం అనగానే పెద్దగా ఊహించుకోకండి. మా ఇంటి వసారా, ఒక బల్ల, కొలత పాత్రలు, ఫ్యాట్ మిషన్, నాలుగు క్యాన్లు. 43 ఇళ్ళ వాళ్ళు పొద్దున, సాయంత్రం పాలు పోస్తారు. ఒక్కొక్కరివీ కొలవాలి, చిన్న శాంపిల్ తీసి ఫ్యాట్ చూడాలి, రాసుకోవాలి. గేదె పాలకి ధర వెన్నని బట్టి కదా. మా దగ్గర ఒక్కో ఫ్యాట్ పాయింటుకి ఏడున్నర రూపాయలు. ఫ్యాట్ 6.8 వస్తే లీటరు 51 రూపాయలు. డైరీ వాళ్ళ ఆటో వచ్చి క్యాన్లు తీసుకుపోతుంది. డబ్బు పక్షానికి ఒకసారి నాన్న ఖాతాలో పడుతుంది, నాన్న దాన్ని 43 ఇళ్ళకి పంచుతాడు.

పంచాలంటే లెక్క కట్టాలి. 43 ఇళ్ళు, 15 రోజులు, రెండు పూటలు: 1290 గుణకారాలు. నా చిన్నప్పటి నుంచి ప్రతి 15వ తారీఖు రాత్రీ, నెలాఖరు రాత్రీ మా ఇంట్లో ఒకటే సీను. అమ్మ పుస్తకం చూసి చదువుతుంది, నాన్న క్యాలిక్యులేటర్ కొడతాడు, ఒంటిగంట దాటుతుంది, ఎక్కడో ఒక చోట మొత్తం కలవదు, ఇద్దరూ పోట్లాడుకుంటారు. నేను ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు అమ్మ అడిగిన మొదటి మాటే “ఈ లెక్క చేసే మిషన్ ఏమైనా చేయగలవా?” అని.

చేశాను. మూడో సంవత్సరం, మొన్న సంక్రాంతి సెలవుల్లో. కోట్లిన్‌లో రాశాను, డేటాబేస్‌కి ఆండ్రాయిడ్ వాళ్ళ రూమ్ లైబ్రరీ. నాన్న ఇంటి నంబరు కొట్టి, లీటర్లు, ఫ్యాట్ కొడితే చాలు, పద్దు పడుతుంది. పక్షం చివర రాత్రి ‘పంపు’ అనే బటన్ నొక్కితే డేటాబేస్ ఫైలు వాట్సాప్‌లో నాకొస్తుంది. హాస్టల్లో నా పైథాన్ స్క్రిప్టు దాన్ని చదివి 43 బిల్లులు పీడీఎఫ్‌గా చేస్తుంది. నాన్న మర్నాడు మండల కేంద్రంలో జిరాక్స్ షాపులో ప్రింటు తీయిస్తాడు. బిల్లులు కూడా ఫోన్లోనే తయారయ్యేలా చేయొచ్చు కదా అని మీరు అడగొచ్చు. చేయొచ్చు. బద్ధకం. పైథాన్ నాకు అలవాటు, ఫైలు మొత్తం కాపీ చేసి పంపడం నాలుగు లైన్ల పని. ఆ నాలుగు లైన్లే ఈ కథంతా.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అంతకుముందు ప్రతి ఇంటికీ ఒక పాల కార్డు ఉండేది. పూట పూటకీ నాన్న అందులో రాసి ఇచ్చేవాడు. యాప్ వచ్చాక “ఫోన్లో పడుతుందిగా, మళ్ళీ కార్డెందుకు” అని ఆపేశాడు. ఆపమని సలహా ఇచ్చింది నేనే. పూటకి పావుగంట కలిసొచ్చింది.

కాలవ గట్టు అవ్వకి ఒక్కటే గేదె. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా వైపు మిరపకాయ కోతలు. అవ్వ పొద్దున్నే ఆటో ఎక్కి కూలికి పోతుంది, చీకటి పడే వేళకి వస్తుంది, వచ్చి కాళ్ళు కడుక్కుని పాలు పిండి, గిన్నె మీద పమిట కొంగు కప్పుకుని మా ఇంటికొస్తుంది. అప్పటికి మిగతా వాళ్ళంతా పోసి వెళ్ళిపోయి ఉంటారు. నాన్న ఆమె కోసం ఆఖరి క్యాన్ మూత తెరిచి ఉంచుతాడు. సాయంత్రం పూట చివరి పద్దు ఎప్పుడూ ఆమెదే.

ఆమె అడగడం అది మూడోసారి అని నాకు తర్వాత తెలిసింది. రెండోసారి అడిగినప్పుడు నాన్న “పోన్లే అవ్వా, ఇది ఉంచు” అని వంద రూపాయలు ఇవ్వబోయాడట. ఆమె తీసుకోలేదు. “నేను అడుక్కోడానికి రాలేదయ్యా. నా పాల డబ్బులు అడగను వచ్చా” అందట. నాన్న ఈ మాట నాకు చెప్పినప్పుడు తల పక్కకి తిప్పుకున్నాడు.

ఉగాదికి ఇంటికెళ్ళాను. ఆ సాయంత్రం వసారాలో కూర్చుని నాన్న పద్దులు కొడుతుంటే గర్వంగా చూస్తున్నాను, నా యాప్ కదా. ఏడున్నర దాటాక అవ్వ వచ్చింది. పాలు పోసింది. నా వైపు చూసి మామూలుగానే అడిగింది:

“ఏం మనవడా, నేను పాలు పొయ్యలేదని నీ ఫోను చెప్పిందంటగా?”

కోపంగా అడిగి ఉంటే ఏదో ఒకటి సమాధానం చెప్పేవాడిని.

మర్నాడు పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. వంటింటి తలుపు పక్కన సున్నం గోడ మీద బొగ్గుతో గీతలు. ఉదయం పోస్తే ఒక నిలువు గీత, సాయంత్రం పోస్తే దాని మీద అడ్డగీత. రోజు పూర్తయితే ప్లస్ గుర్తు అవుతుంది. బిల్లు తీసుకున్నాక కింద పొడుగ్గా ఒక గీత కొట్టి కొత్త వరస మొదలు. మార్చి రెండో పక్షం వరస లెక్కపెట్టాను. 16 ప్లస్ గుర్తులు. ఒక్కటి కూడా సగం లేదు. నా పీడీఎఫ్‌లో 31 పూటలు.

“చివరి రోజు సాయంత్రం గీసింది గుర్తుందా అవ్వా?” అని అడిగాను.

“గుర్తెందుకు, గీత ఉందిగా” అంది.

ఇంటికొచ్చి నాన్న ఫోన్ తీసుకున్నాను. యాప్‌లో పాత తేదీలు చూడాలంటే మూలన చిన్న క్యాలెండర్ బొమ్మ నొక్కాలి. అది ఉందని నాన్నకి నేను ఎప్పుడూ చెప్పలేదు. మార్చి 31 సాయంత్రం తెరిచి కిందికి జరిపాను. చిట్టచివర, ఆమె నంబరు. 1.8 లీటర్లు, ఫ్యాట్ 6.8, సమయం 7:41. అంటే 91 రూపాయల 80 పైసలు.

ఫోన్లో ఉంది. ఫైల్లో లేదు. ఆ ఫైలు ఈ ఫోన్లోంచి వచ్చిందే.

మొదట నా స్క్రిప్టు మీద అనుమానం వచ్చింది. తర్వాత టైమ్ జోన్ మీద. మన టైముకీ యూటీసీకీ ఐదున్నర గంటల తేడా కదా, తేదీ మారిపోయిందేమో అని. కానీ అలా మారితే తెల్లవారుజాము పద్దులు మారాలి, సాయంత్రానివి కాదు. స్క్రిప్టు పక్కన పెట్టి నేరుగా పద్దులు లెక్కపెట్టాను. మార్చి 31న వచ్చిన ఫైల్లో, ఫోన్లో అదే రాత్రికి ఉండాల్సిన వాటికన్నా 16 పద్దులు తక్కువ. పదహారూ ఆ సాయంత్రానివే. పదహారూ వరసలో చివరివే.

వాట్సాప్‌లో పాత ఫైళ్ళు నాలుగూ ఇంకా ఉన్నాయి. ఒక్కొక్కటీ తెరిచాను. జనవరి 31న 11 తక్కువ. ఫిబ్రవరి 15న 23. నెలాఖరున 7. మార్చి 15న 31. ప్రతిసారీ అదే తీరు: చివరి సాయంత్రం, చివర వచ్చినవాళ్ళు. సంఖ్య మారుతోంది గాని ఏ ఫైల్లోనూ అవ్వ చివరి పూట లేదు.

మా ఊళ్ళో సాయంత్రం ముందుగా వచ్చేది ఎవరో తెలుసా? నాలుగైదు గేదెలు ఉండి, ఇంటి దగ్గరే మనిషి ఉండేవాళ్ళు. ఆఖరున వచ్చేది కూలికి పోయి వచ్చేవాళ్ళు, కాలవ అవతలి వాళ్ళు. నా నాలుగు లైన్ల కోడ్‌కి వీళ్ళెవరో తెలీదు. అయినా సరిగ్గా వాళ్ళ పాలే కొట్టేసింది.

లాప్‌టాప్‌కి ఫోన్ తగిలించి ఆండ్రాయిడ్ స్టూడియోలో యాప్ ఫోల్డరు తెరిచాను. నేను ఒక్క ఫైలే ఉంటుందనుకున్న చోట మూడు ఉన్నాయి. ఒకటి డేటాబేస్, సుమారు 600 కేబీ. రెండోది అదే పేరు చివర ‘వాల్’ అని తగిలించుకున్నది, 400 కేబీ. మూడోది ‘ఎస్‌హెచ్‌ఎం’ అని చిన్నది. డేటాబేస్ ఫైలు చివరిసారి మారిన సమయం చూస్తే గంట కిందటిది. పక్కన ఆ వాల్ ఫైలు మాత్రం నాన్న ఆఖరి పద్దు కొట్టిన నిమిషానిది.

అప్పుడు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. వాల్ అంటే రైట్ అహెడ్ లాగ్. డిసెంబర్‌లో సెమ్ ఎగ్జామ్‌లో డీబీఎంఎస్ పేపర్లో దాని మీద పేజీన్నర రాసి వచ్చాను. బొమ్మ కూడా వేశాను. జనవరిలో ఇంటికెళ్ళి అది ఉందనే సంగతే మర్చిపోయి కోడ్ రాశాను.

ఇప్పుడు మా తాత దగ్గరికి రావాలి. తాత ఊళ్ళో చిన్న కొట్టు నడిపేవాడు. ఆయన దగ్గర రెండు పుస్తకాలు ఉండేవి, చిట్టా, ఆవర్జా. బేరం జరుగుతున్నప్పుడు ఏది జరిగితే అది వరసగా చిట్టాలో గీకేస్తాడు. ఎవరి పేరు ఎక్కడుందో వెతుక్కునే తీరిక అప్పుడు ఉండదు. రాత్రి కొట్టు కట్టేశాక లాంతరు ముందు కూర్చుని చిట్టాలోంచి ఒక్కొక్క పద్దునీ ఆవర్జాలో ఎవరి పేజీలోకి వాళ్ళది ఎక్కిస్తాడు. మధ్యాహ్నం ఎవరైనా వచ్చి “నా బాకీ ఎంత?” అంటే ఆవర్జా ఒక్కటే చూసి చెప్పడు. ఆవర్జా చూసి, తర్వాత ఆ రోజు చిట్టా కూడా చూసి, రెండూ కలిపి చెప్తాడు.

ఎస్‌క్యూలైట్ చేసేదీ సరిగ్గా ఇదే. వాల్ పద్ధతి పెట్టుకుంటే, మనం కొట్టిన పద్దు ముందు వాల్ ఫైల్లో చివరన పడుతుంది. అది చిట్టా. అసలు డేటాబేస్ ఫైలు ఆవర్జా. చిట్టా కొంత నిండాక అందులోవి తీసుకెళ్ళి ఆవర్జాలో ఎక్కిస్తుంది, దాన్నే చెక్‌పాయింట్ అంటారు. యాప్ చదివేటప్పుడు రెండూ కలిపి చదువుతుంది, అందుకే ఫోన్లో అన్నీ సరిగ్గా కనబడతాయి. నేను చేసిన ‘పంపు’ బటన్ ఆవర్జా ఒక్కటే జిరాక్స్ తీసి పంపింది. చిట్టాలో ఉన్నవి చిట్టాలోనే ఉండిపోయాయి.

ఇలా ఎందుకు చేశారంటే కారణం ఉంది. పాత పద్ధతిలో ఎవరైనా రాస్తున్నప్పుడు చదివేవాళ్ళు ఆగాలి, చదువుతున్నప్పుడు రాసేవాళ్ళు ఆగాలి. చిట్టా వేరుగా ఉంటే ఒకరి పని ఒకరికి అడ్డం రాదు, రాయడమూ త్వరగా అవుతుంది. 2010లో వచ్చిన 3.7.0 వెర్షన్ నుంచి ఈ సౌకర్యం ఉంది. రూమ్ లైబ్రరీ అయితే మనం అడక్కపోయినా, మరీ తక్కువ మెమరీ ఉన్న ఫోన్ కాకపోతే, దీన్నే పెట్టేస్తుంది. అసలు ఎస్‌క్యూలైట్ పుట్టుకే చిత్రం. రిచర్డ్ హిప్ అనే ఆయన అమెరికా నౌకాదళం ఓడలో వాడే ఒక సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తూ, డేటాబేస్ సర్వర్ ఆగిపోయినప్పుడల్లా తమ ప్రోగ్రాం కూడా ఆగిపోవడం చూసి, సర్వరే అక్కర్లేని డేటాబేస్ ఉంటే బాగుంటుందనుకున్నాడు. 2000లో మొదటి వెర్షన్ వచ్చింది. యుద్ధనౌక కోసం తట్టిన ఆలోచన చివరికి మా వసారాలో పాల లెక్కకి వచ్చి చేరింది. దాని తప్పేమీ లేదు, అది చేయాల్సింది చేసింది.

మరి ప్రతిసారీ సంఖ్య ఎందుకు మారింది? చిట్టా ఎంత నిండాక ఎక్కించాలి అన్నదానికి ఒక హద్దు ఉంటుంది. ఎస్‌క్యూలైట్ తనంతట తాను వెయ్యి పేజీలు అనుకుంటుంది, ఆండ్రాయిడ్ దాన్ని 100కి తగ్గించింది. పేజీ అంటే సాధారణంగా 4096 బైట్లు. ఒక్క పద్దు కొడితే టేబుల్‌లో ఒక పేజీ, ఇండెక్స్‌లో ఒక పేజీ మారతాయి, అప్పుడప్పుడు ఇంకొకటి. అంటే సుమారు 40, 50 పద్దులకి ఒకసారి చిట్టా ఆవర్జాకి ఎక్కుతుంది. మా పూటకి 43 పద్దులు. నాన్న బటన్ నొక్కేసరికి చిట్టాలో ఏడు ఉండొచ్చు, ముప్పై ఒకటి ఉండొచ్చు. పూట మధ్యలో చెక్‌పాయింట్ పడితే ముందొచ్చినవాళ్ళు బతికిపోతారు. ఆఖరి మనిషి బతకాలంటే సరిగ్గా ఆ మనిషి పద్దుకే చిట్టా నిండాలి. ఐదు బిల్లుల్లో ఒక్కసారీ అలా జరగలేదు.

టెస్ట్ చేయలేదా అని మా రూమ్మేట్ అడిగాడు. చేశాను. లూప్ పెట్టి వెయ్యి ఉత్తుత్తి పద్దులు ఒక్కొక్కటిగా కొట్టించి, ఫైలు పంపి, లాప్‌టాప్‌లో తెరిచి చూశాను. పైనుంచి ఒక పాతిక వరసలు చూశాను. బాగానే ఉన్నాయి. కింద చివర ఏముందో చూడలేదు, మొత్తం ఎన్ని వచ్చాయో లెక్కపెట్టలేదు. ఆ పాత టెస్ట్ ఫైలు ఇంకా లాప్‌టాప్‌లో ఉంటే మొన్న తెరిచాను. 968 ఉన్నాయి.

“వాల్ అంటే గోడే కదరా. ఆ అవ్వ గోడ చూసింది, నువ్వు చూడలేదు” అన్నాడు వాడు. వాడి జోకులు సాధారణంగా నాకు నచ్చవు.

సరిచేయడం కూడా ఒక్క దెబ్బలో అవలేదు. ఇక్కడ ఇలాంటి యాప్ చేస్తున్నవాళ్ళు ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను, మిగతావాళ్ళు ఈ రెండు పేరాలు దాటెయ్యొచ్చు. మొదట మూడు ఫైళ్ళూ కలిపి పంపుదామనుకున్నాను. అవి ఒకే ఫోల్డర్లో, పేర్లు మారకుండా ఉంటే లాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్ తెరిచినప్పుడు తనే చిట్టాని కలుపుకుంటుంది. కానీ మూడు పంపమంటే నాన్న ఏదో ఒక రోజు రెండే పంపుతాడు, నాకు తెలుసు. రెండోది, డేటాబేస్‌ని పూర్తిగా మూసేయడం. దాన్ని తెరిచి ఉంచిన చివరి కనెక్షన్ సరిగ్గా మూసుకుంటే చిట్టా మొత్తం ఆవర్జాకి ఎక్కి, వాల్ ఫైలు పోతుంది. కానీ యాప్ నడుస్తుండగా మూస్తే స్క్రీన్ మీద లైవ్‌గా చూపిస్తున్న జాబితాలన్నీ చతికిలబడ్డాయి. 2019లో వచ్చిన 3.27 వెర్షన్లో ‘వాక్యూమ్ ఇన్‌టూ’ అని ఉంది, అన్నీ కలిపిన శుభ్రమైన కొత్త ఫైలు రాసిస్తుంది. అన్నిటికంటే మంచిది అదే, కానీ నాన్న ఫోన్ ఆండ్రాయిడ్ 10, అందులో ఉన్న ఎస్‌క్యూలైట్ అంతకన్నా పాతది.

చివరికి మిగిలింది, కాపీ తీసేముందు ‘ప్రాగ్మా వాల్ చెక్‌పాయింట్’ అని మనమే అడగడం. దానికి ట్రంకేట్ అని జోడిస్తే ఎక్కించాక చిట్టాని ఖాళీ కూడా చేస్తుంది. రాశాను, నడిపాను, మళ్ళీ పద్దులు తక్కువే వచ్చాయి. ఒక రాత్రంతా పోయింది. ఆండ్రాయిడ్‌లో క్వెరీ పిలవగానే కర్సర్ అయితే చేతికొస్తుంది గానీ, దాన్ని మొదటి వరసకి కదిపేదాకా లోపల పని జరగదు. నేను కదపలేదు. పిలిచాను, మూసేశాను. కదిపాక మూడు సంఖ్యలు వచ్చాయి. మొదటిది సున్నా అయితే పని పూర్తయినట్టు. ఒకటి అయితే ఎవరో అడ్డం ఉన్నారు, పూర్తి కాలేదని. అది ఒకటి వస్తే ఇప్పుడు యాప్ ఫైలు పంపదు, కాసేపాగి మళ్ళీ ప్రయత్నిస్తుంది. పంపుతున్నంతసేపూ పద్దు కొట్టే స్క్రీన్ కూడా కట్టేశాను, మధ్యలో ఎవరి పాలూ దూరకుండా.

కోడ్ సంగతి అలా తేలింది. డబ్బు సంగతి నాన్న చేతుల్లో ఉంది.

ఐదు బిల్లుల్లో కలిపి 88 పద్దులు పోయాయి. మొత్తం పదకొండు వేలకి అరవై తక్కువ. చెప్పగానే నాన్న కాసేపు లెక్క చూసుకుని, “ఈ మూడు నెల్లూ గల్లాపెట్టెలో కాస్త ఎక్కువ మిగిలినట్టే ఉందిరా. యాప్ వచ్చాక లెక్క పక్కాగా ఉంది, వృథా పోవట్లేదు అనుకున్నా” అన్నాడు. డైరీ వాళ్ళు క్యాన్లు కొలిచి మొత్తానికీ డబ్బిచ్చారు. తగ్గింది ఊళ్ళో వాళ్ళకి. ఆ మిగులుతోనే అమ్మ నాకు మార్చిలో కొత్త చెప్పులు కొనుక్కోమని పంపింది. ఆ చెప్పులు వసారాలోనే ఉన్నాయి, నాన్న వాటి వైపు చూడలేదు, నేనే చూశాను.

అమ్మ అయితే “ఊళ్ళో అందరికీ చెప్తే మన పరువేం కావాలి, వచ్చే బిల్లులో కలిపి ఇచ్చేద్దాం, ఎవరికీ తెలీదు” అంది. తప్పుడు మాట కాదు, డబ్బు ఎలాగూ చేరుతుంది. నాన్న కుదరదన్నాడు. “ఆమె మూడుసార్లు అడిగింది. మూడుసార్లు లేదన్నాం. ఇప్పుడు చప్పుడు కాకుండా కలిపేస్తే, ఆమె అబద్ధమాడిందనే మాట అట్టాగే ఉంటది” అన్నాడు. పాలు పోసేటప్పుడు పక్కన నలుగురుండగానే కదా లేదన్నది.

ఇళ్ళ వారీగా చీటీలు రాశాను, చేత్తోనే. రెండు రోజులు సాయంత్రం పూట పాలు పోసేటప్పుడు నాన్న అందరి ముందూ చెప్పి ఇచ్చాడు: “మావాడి యాప్‌లో తప్పు జరిగింది, మీకు ఇంత తగ్గింది, ఇదిగో.” కొంతమంది అసలు గమనించనే లేదు. పెద్ద పాడి ఉన్న ఒకాయన ఆరొందల పైచిలుకు తీసుకుని “ఔనా, నేను చూళ్ళేదే” అని నవ్వాడు. ఒక కుటుంబం పనికోసం హైదరాబాద్ వెళ్ళిపోయింది, వాళ్ళకి ఫోన్‌పే చేశాం. ఒకావిడ మాత్రం “ఇప్పుడైనా సరిగా చెప్తున్నారో లేదో” అని చీటీ మడిచి బొడ్లో దోపుకుంది. ఆమెని ఏమీ అనలేం.

అవ్వకి 452 రూపాయలు. ఎప్పట్లాగే అందరికన్నా ఆఖరున వచ్చింది, అయినా నాన్న మిగతావాళ్ళలో కొందరిని ఏదో పని చెప్పి ఆపి ఉంచాడు. ఆమె నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

“తప్పు మాదే అవ్వా” అన్నాడు నాన్న.

“నీదేముందిలే. ఆ ఫోన్ది.”

“ఫోన్ది కాదవ్వా, నాది” అన్నాను.

నా వైపు కాసేపు చూసి, “సదువుకుంటన్నావుగా, నేర్చుకుంటావులే” అంది. వెటకారమో, ఓదార్పో నాకు ఇప్పటికీ తేలలేదు.

పాల కార్డులు మళ్ళీ వచ్చాయి. పూటకి పావుగంట మళ్ళీ పోయింది, నాన్న ఏమీ అనలేదు. యాప్‌లో ‘పంపు’ నొక్కగానే ఇప్పుడు రెండు విషయాలు పెద్ద అక్షరాల్లో కనబడతాయి: మొత్తం పద్దులు ఎన్ని, చివరి పద్దు ఎవరిది. 15వ తారీఖు రాత్రీ నెలాఖరు రాత్రీ నాన్న ఫోన్ చేసి అవి చదువుతాడు. నేను ఇక్కడ వచ్చిన ఫైలు తెరిచి చిట్టచివరి వరస చూసి ‘కలిసింది’ అంటాను. అప్పుడే బిల్లులు. ఏప్రిల్ అంతా, మే అంతా ఆ చివరి వరస ఒకటే పేరు. “కాలవ గట్టు అవ్వ, లీటరు ఆరు వందలు, ఏడూ ముప్పై ఎనిమిది.” కలిసింది.

జూన్ 15న నాన్న చదివిన పేరు వేరేది. ఒక్కసారి గుండె ఆగింది, మళ్ళీ ఏదో తేడా వచ్చిందనుకున్నాను. ఫైల్లోనూ అదే పేరుంది.

“అవ్వ పొయ్యలేదా?” అన్నాను.

“బర్రె వట్టిపోయిందిరా. మళ్ళీ ఈనాలి.”

గోడ మీద గీతలు ఆపేసిందా అని అడిగాను. లేదట. మిరపకోతలు అయిపోయాయి, ఇప్పుడు వేరే కూలికి పోతోంది. ఎన్ని రోజులు పోయిందో గీసుకుంటోందట.